రాజలింగం పాస్ చేసిన అడవి

సూరత్‌లోని డిండోలి పేటలో రాజలింగం మాస్టర్ చేతికి ఏ వస్తువు వచ్చినా ముందు వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తాడు. అందులో ఆయన తప్పు పెద్దగా లేదు, చేసే పని అలాంటిది. సిరిసిల్ల నుంచి పడుచు వయసులో సూరత్ వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పడ్డాడు. బట్ట నేసే దశ దాటి, నేసిన బట్టలో పోగు ఎక్కడ తెగిందో పట్టుకునే మాస్టర్ అయ్యాడు. అద్దం బల్ల మీద బట్ట తాను పరిచి, కింద ట్యూబ్‌లైట్ వెలిగించి, మచ్చ కనిపిస్తే పక్కన పెట్టించడం, కనిపించకపోతే 'పాస్' అనడం ఆయన ఉద్యోగం. ఏళ్ల తరబడి అదే చూపు చూసీ చూసీ చివరికి ఆ బల్లను ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. పాలవాడి పాలు, బండి మీది వంకాయలు, చుట్టాల పలకరింపులు, అన్నీ ఆ బల్ల మీద నుంచి పోవలసిందే. పాసయ్యేవి తక్కువ.

ఒకసారి మేడ మీద అద్దెకుండే ఒడియా అబ్బాయి మెట్ల దగ్గర ఎదురై నమస్కారం పెట్టాడు. వీడికి నాతో ఏం పని పడిందా అని ఆ సాయంత్రమంతా ఆలోచించాడు రాజలింగం. మరునాడు ఆ అబ్బాయి ఏదో తొందరలో నమస్కారం పెట్టకుండా వెళ్లిపోయాడు. అయితే నిన్నటి పని అయిపోయిందన్నమాట అని ఇంటికొచ్చి ఉన్నవన్నీ ఒకసారి సరిచూసుకున్నాడు.

ఇట్లాంటి మనిషితో కాపురం చేసింది సమ్మక్క. ఆమెకు మొగుడి అనుమానాలు పెద్ద కష్టంగా తోచలేదు గానీ, గోడ అవతలి సాంచాలు తోచాయి. వాళ్లుండే గదికి ఆనుకునే ఒక ఖాతా ఉంది. సూరత్‌లో సాంచాలు ఆడే షెడ్డును ఖాతా అనే అంటారు. అది పగలూ రాత్రీ ఆడుతుంది. పుట్టింటికి పోయి నిద్రపోదామంటే పుట్టిల్లు కూడా సిరిసిల్లే, అక్కడి గోడ అవతలా సాంచాలే. ఆ చప్పుడు మీద నుంచి మాట వినిపించాలని ఆమెకు గట్టిగా మాట్లాడడం అలవాటైంది. ఫోనులో క్షేమసమాచారం అడిగితే అవతలివాళ్లు తగాదా అనుకుని ఫోను మొగుళ్ల చేతికి ఇచ్చేవాళ్లు.

ఆమె కోరిక ఒక్కటే. సాంచాల చప్పుడు వినపడని చోట ఒక్క రాత్రి నిద్రపోవాలి.

అది ఎన్నోసార్లు తప్పిపోయింది. సాపుతార కొండలకు పోదామని బస్సు ఎక్కాక డ్రైవరు ఆవలించాడని రాజలింగం అందరినీ దించేశాడు. డుమస్‌లో సముద్రం ఒడ్డున ఎవరో చుట్టాల గదిలో ఉందామనుకుంటే, అక్కడ బండి మీద టమాటా భజియాలు చూసి ఆయన మనసు విరిగింది. మంచి టమాటాను ఎవడైనా పిండిలో ముంచి దాస్తాడా అని ఆయన ప్రశ్న. పొద్దు కుంకకముందే తిరిగొచ్చేశారు.

ఈ ఏడు హోళీకి బిహారు, యూపీ పనివాళ్లు ఊళ్లకు పోతారు కాబట్టి రాజలింగం పనిచేసే ఖాతా రెండు రోజులు మూస్తారని ముందే తెలిసింది. గోడ అవతలి ఖాతా మాత్రం మూయరు. సమ్మక్క మొగుడి ముందు కూర్చుని, గట్టిగానే అయినా కోపం లేకుండా చెప్పింది.

"ఈసారన్న నన్ను సప్పుడు లేని కాడికి తోల్కపో. జాగ నువ్వే చూడు, నువ్వే పాస్ చెయ్యి. మల్ల ఏదన్న వంక పెట్టినవనుకో, తిట్ట, కొట్లాడ. ఇగ జన్మల అడుగ."

తిడతానంటే రాజలింగం భయపడేవాడు కాదు. అడగనన్నదే ఆయనకు పట్టుకుంది. అడగడం మానేసిన మనిషి మనసులో ఏముందో ఏ బల్ల మీద పరిచి చూడగలం?

అడవిలో గుడారాలు వేసుకుని ఉండే క్యాంపులున్నాయని కోడలు సుమన చెప్పింది. ఆమె సూరత్‌లోనే పుట్టి, గుజరాతీ బళ్లో చదువుకున్న పిల్ల. ఫోనులో ఫొటోలు చూపించి, దీనికి ఐదు చుక్కలు, దానికి నాలుగున్నర అని చదివి వినిపించింది. చుక్కలు ఎక్కువున్నవాటిని రాజలింగం ముందే తీసేయించాడు. అంత మంచిగా రాశారంటే ఎవరో కూర్చోబెట్టి రాయించి ఉంటారట. మరుగుదొడ్డికి గడియ పడదని, చీమలు కుట్టాయని తిట్టినవాళ్ల మాటలే మళ్లీ మళ్లీ చదివించుకుని, వీళ్లు నిజాయితీపరులన్నాడు.

ఇక చూడడానికి బయల్దేరాడు. సమ్మక్క తమ్ముడు నరహరికి బైకు ఉంది కాబట్టి అతన్ని వెంట తీసుకున్నాడు.

మొదటిది తాపీ ఒడ్డున ఉంది. నేల చదునుగా, ఇసుక మెత్తగా బాగుంది. పైన డ్యాము గేట్లు ఎత్తితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయని రాజలింగం అడిగాడు. చింత పెట్టుకోకు కాకా అన్నాడు మేనేజరు. చింత వద్దన్నవాడి దగ్గర చింతపడే సంగతి ఏదో ఉండే ఉంటుందని రాజలింగం అక్కడి నుంచి లేచాడు.

రెండోది మామిడితోట. గుడారాల ముందు పూలకుండీలు, రాగానే చేతికి చల్లటి షర్బత్. ఎవరూ అడక్కుండా ఇచ్చారు, అదీ ఊరికే. మేనేజరు అటు తిరగగానే రాజలింగం షర్బత్‌ను పూలకుండీలో పోసి, మొక్క వాడుతుందేమోనని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేనేజరు వచ్చి ఏం చూస్తున్నారని అడిగాడు. నరహరి తలొంచుకుని బైకు దగ్గరికి నడిచాడు. ఇంటి ముందు దింపి, "బావా, బైకు ఇస్త. నేను రాను" అన్నాడు.

కాబట్టి మూడోది చూడడానికి రాజలింగం ఒక్కడే పోయాడు. మాండవి దాటి ఇంకా లోపలికి, టేకు అడవిలో ఒక పల్లె కమిటీ నడిపే క్యాంపు అది. ఇటుక గోడలు, రేకుల కప్పు, ఇనుప తలుపు ఉన్న ఒక పొడుగాటి హాలు. ముందు గుడారాలకు చదును చేసిన నేల. ఒక పక్క నీళ్ల ట్యాంకు, దాని పక్కనే మరుగుదొడ్లు. కాపలా ఉండేది ఛగన్‌భాయ్ అనే పెద్దమనిషి. ఆయన వేపపుల్ల నములుతూ, రారమ్మని గానీ ఎందుకొచ్చావని గానీ అనకుండా చూస్తూ నిలబడ్డాడు.

రాజలింగం పని మొదలుపెట్టాడు. నేల వాలు ఎటుందో తెలియడానికి వెల్లకిలా పడుకుని చూశాడు. తల వైపు రక్తం దిగినట్టు అనిపిస్తే ఇటు తిరిగి పడుకున్నాడు. పైన ఎండిపోయి విరగబోయే కొమ్మలున్నాయేమో చూశాడు. పుట్టలు, బొరియలు వెతికాడు. పొయ్యి పెడితే పొగ ఎటు పోతుందో తెలియాలని గుప్పెడు దుమ్ము గాలిలోకి వదిలితే అది తిరిగొచ్చి ఆయన కళ్లలోనే పడింది. ట్యాంకు నీళ్లు వాసన చూశాడు. అంతా అయ్యాక ఛగన్‌భాయ్ తనంతట తానే చెప్పాడు, ఇక్కడ ఫోను పలకదు, తేళ్లుంటాయి, దోమలుంటాయి, మంచాలు లేవు.

రాజలింగం ఆయన వంక కొత్తగా చూశాడు. తన సరుకులో మచ్చలు తానే చూపించే మనిషి జీవితంలో ఎదురవడం ఇదే మొదలు.

మిగిలింది చీకటి సంగతి. సమ్మక్కకు రాత్రిపూట లేచి బయటికి పోయే అలవాటు ఉంది. రాత్రి ఇక్కడ లైటు ఉంటుందా అని హిందీలో అడిగాడు.

"లైట్ తో జతీ రహే," అన్నాడు ఛగన్‌భాయ్ గుజరాతీలో. "పణ్ దీపడో ఆవే. రోజ్ రాతే ఆవే."

ఇన్నేళ్లలో రాజలింగం నేర్చుకున్న గుజరాతీకి ఒక సూత్రం ఉంది. వీళ్లు ఏ మాట తోకకైనా ఒక 'ఓ' తగిలిస్తారు. మనకు పైసా అయితే వీళ్లకు పైసో, మనకు ధందా అయితే వీళ్లకు ధంధో, తమాషా తమాషో. ఆ లెక్కన దీపడో ఏమిటో ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేకపోయింది. కరెంటు పోతుంటుంది, కానీ రోజూ రాత్రి దీపం వస్తుంది. మంచి ఏర్పాటే.

అయినా ఊరికే నమ్మే మనిషి కాదు కదా. దీపడో ఎక్కడిదాకా వస్తుందని అడిగాడు. ఛగన్‌భాయ్ నీళ్ల ట్యాంకు వైపు చెయ్యి చూపించాడు. మరుగుదొడ్ల పక్కకే వస్తుందన్నమాట, సమ్మక్కకు ఇబ్బంది లేదు. ఒకటేనా అని అడిగాడు. ఎండలు ముదిరితే ఒక్కోసారి రెండు వస్తాయని ఛగన్‌భాయ్ రెండు వేళ్లు చూపించాడు. పిలిస్తే వస్తుందా, దానంతటదే వస్తుందా అని కూడా అడిగాడు. ఛగన్‌భాయ్ వేపపుల్ల నోట్లోంచి తీసి మొదటిసారి నవ్వాడు. పిలవనక్కర్లేదు, మటన్ వండారంటే ఇంకా తొందరగా వస్తుందన్నాడు.

హమ్మయ్య అనుకున్నాడు రాజలింగం, తెగిన పోగు దొరికింది. మటన్‌లో వాటా పడితే దీపం తొందరగా పెడతాడు ఈయన. ఆ మాత్రం ఆశ లేకపోతేనే అనుమానించాలి. బైకు ఎక్కుతూ ఛగన్‌భాయ్‌కి వినపడేటట్టే "పాస్" అన్నాడు.

ఇంటికొచ్చి జాగ దొరికిందని, దీపం మరుగుదొడ్డిదాకా వస్తుందని చెప్పాడు. గ్యాసు దీపమా, సోలారా అని సుమన అడిగింది. ఏదైతేనేం, రోజూ వస్తుంది, అది ముఖ్యం అన్నాడు. మొగుడి నోట పాసు మాట విని సమ్మక్క చాలాసేపు నమ్మలేదు.

తరువాత తయారీ. ఎవరి దగ్గరో అరువు తెచ్చిన గుడారాన్ని ఆయన మిట్టమధ్యాహ్నం మేడ మీద వేసి, చిల్లులున్నాయేమో చూడడానికి లోపలికి దూరి జిప్పు లాగాడు. చిల్లుల్లేవు గానీ జిప్పు ఇరుక్కుపోయింది. బయటి నుంచి నరహరే పట్టుకున్నాడని ఆయన నిశ్చయం. లోపలి నుంచి నరహరిని, నరహరి వంశాన్ని తిడుతుంటే, మేడ మీద పాపడాలు ఎండబెడుతున్న గుజరాతీ ఆడవాళ్లు ఆ గుడారం కాసేపు అటూ ఇటూ ఊగడం చూసి, చివరికి వచ్చి జిప్పు లాగారు. చెమటతో బయటపడ్డ రాజలింగం వాళ్లకు థాంక్స్ చెప్పకుండా, నరహరి ఏ మెట్లు దిగి పారిపోయాడని అడిగాడు. నరహరి ఆ పూట కిమ్ ఊళ్లో పనిలో ఉన్నాడు.

హోళీ మరునాడు మొగుడూ పెళ్లాలు, సుమన, నరహరి తూఫాన్ జీపులో బయల్దేరారు. మాండవి దాటగానే రెండు వైపులా మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. కింద టేకాకులు రాలి, జీపు పోతుంటే అప్పడాల్లా విరిగాయి. డ్రైవరు దారిలో రెండుసార్లు ఆవలించాడు. సమ్మక్క భయంగా మొగుడి వంక చూసింది. రాజలింగం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

దిగగానే ఆయన చేసిన మొదటి పని, వేరుగా కట్టించుకొచ్చిన మటన్ పొట్లాం ఛగన్‌భాయ్ చేతిలో పెట్టి కన్ను గీటడం. పండగ పూట ఎవరో పరాయివాళ్లు ఇంత మర్యాద చేస్తున్నారని ఛగన్‌భాయ్ పొంగిపోయి, పొట్లాం తీసుకెళ్లి ఇంట్లో ఇచ్చి వచ్చాడు. సమ్మక్క అడవిలోకి చెవి పెట్టి కాసేపు నిలబడింది. తరువాత ఎవరితోనూ చెప్పకుండా కింద ఉన్న వాగు వైపు నడిచింది.

పొద్దు టేకు చెట్ల వెనక్కి వాలుతుండగా సుమన ఉల్లిగడ్డలు కోస్తోంది. కోడలి ముందు తన గుజరాతీ చూపించుకోవాలని రాజలింగానికి అనిపించింది. దీపడో క్యారే ఆవశే, అంటే ఎప్పుడొస్తుంది అని ఛగన్‌భాయ్‌ని గట్టిగా అడిగాడు. ఆయన పొద్దు వైపు చూసి, చీకటి పడ్డాక అన్నాడు. మటన్ ఉంది కాబట్టి ముందే రావచ్చని కూడా అన్నాడు.

సుమన చేతిలో కత్తి ఆగింది.

"మామా, మీరేం అడిగిండ్రు?"

"దీపం ఎప్పుడొస్తదని."

"దీపం అంటే దీవో," అంది సుమన మెల్లగా. "దీపడో అంటే దీపం గాదు మామా. చిరుతపులి."

ఛగన్‌భాయ్‌ని అడిగి తేల్చుకుందామని ఆమె లేచింది. ఆయన అందరినీ ట్యాంకు దగ్గరికి తీసుకుపోయి, ఎండిన బురదలో అరచేయంత అడుగు ఒకటి చూపించాడు. చూపించేటప్పుడు ఆయన ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది. ఈ మాస్టర్ ఇదెక్కడిదాకా వస్తుంది, రెండు వస్తాయా అని అంత సంబరంగా అడిగి మరీ ఖాయం చేసుకున్నాడు మరి.

రాజలింగానికి తను అడిగిన ప్రశ్నలన్నీ వరసగా గుర్తొచ్చాయి. నరహరి నేల మీద కూర్చుండిపోయి, నవ్వు ఆగిన చోట మాట కలుపుకుంటూ అన్నాడు.

"మంచి మంచి జాగలన్ని ఫెయిల్ జేసి, పులి గ్యారంటీగ వచ్చే జాగ పాస్ జేసినవా బావా. పైంగ దాన్ని జల్ది రమ్మని మటన్ గూడ తెచ్చినవ్."

రాజలింగం జీపు తిప్పమని డ్రైవరుకు చెప్పి, అప్పటికే వేసిన గుడారం మేకులు తనే పీకడం మొదలుపెట్టాడు. అప్పుడు సమ్మక్క వాగు నుంచి వచ్చింది. కాళ్లు తడిగా ఉన్నాయి, కొంగులో ఇప్పపూలున్నాయి. పీకిన మేకుల వైపు, మొగుడి వైపు చూసింది. ఏమైందని అడిగింది. ఆమె గొంతు అంత మెల్లగా ఉంటుందని ఇన్నేళ్లలో రాజలింగానికి తెలియదు.

"ఈడికి పులి వస్తదట," అన్నాడు.

సమ్మక్క కొంగులో పూలు సర్దుకుంది.

"సాపుతార అంటే డ్రైవర్ ఆవలిచ్చిండన్నవ్. డుమస్ అంటే భజియల టమాట ఎందుకు పెట్టిండ్రన్నవ్. ఇప్పుడు పులి."

"ఒట్టు. నిజంగ పులే."

"నేను నమ్మ."

రాజలింగం ఛగన్‌భాయ్‌ని చెయ్యి పట్టి లాక్కొచ్చి, ఈమెకు చెప్పు అన్నాడు. ఛగన్‌భాయ్ ఒక్కొక్క అక్షరం విడదీసి, దీపడో, అని చెప్పాడు.

"దీపం వస్తదంటుండు గదా," అంది సమ్మక్క. "వస్తే రానీ. మంచిదేనాయె."

సుమన కలగజేసుకుని అర్థం చెప్పబోయింది. నువ్వూ మీ మామా ఒక్క సాంచా మీది పోగులేనని అత్త ఆమె మాట తోసేసింది. నరహరి సాక్ష్యం చెబుదామని వచ్చాడు గానీ నవ్వు ఆపుకోలేక పనికిరాకుండా పోయాడు. బురదలో అడుగు చూపిస్తే ఆమె వంగి చూసి కుక్క అంది. రాజలింగం ఒట్లు పెట్టాడు, గొంతు పెంచాడు, మళ్లీ తగ్గించాడు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా ఎదుటి మనిషి కళ్లు తన ముఖం మీద తెగిన పోగు కోసం వెతుకుతుంటే ఎట్లా ఉంటుందో ఆయనకు ఆ సాయంత్రమే తెలిసింది. చాలా ఉక్కగా ఉంటుంది.

సమ్మక్క చాప తెచ్చి హాలు అరుగు మీద పరుచుకుంది.

"మీరు పోండ్రి," అంది, కోపమేమీ లేకుండా. "నేను ఈడ పండుకునే వస్త."

జీపు ఇంజను ఆన్ చేసే ఉంది. బలవంతంగా ఎక్కిస్తే ఎక్కుతుంది, మాట్లాడకుండా కూర్చుంటుంది, ఆ తరువాత ఇంకెప్పుడూ అడగదు. రాజలింగం ఛగన్‌భాయ్‌ని పక్కకు తీసుకుపోయాడు. తన భార్య ఈ ఒక్క రాత్రి ఇక్కడ నిద్రపోవాలనుకుంటోంది, పడుకోవచ్చా అని అడిగాడు.

ఛగన్‌భాయ్ కొంచెం ఆలోచించి జవాబిచ్చాడు. పడుకోవచ్చు. గుడారాలు వద్దు, హాల్లో పడుకోండి, ఇనుప తలుపు వేసుకోండి. వంట, తిండి వెలుతురుండగానే ముగించండి, ఎముకలు నాకివ్వండి, దూరంగా పూడుస్తాను. బయటికి పోవాల్సి వస్తే నన్ను లేపండి, ఒంటరిగా పోవద్దు. అది నీళ్లకు వస్తుంది, తాగి పోతుంది. అదిగో ఆ ఇంట్లో నా కోడలు పసిబిడ్డతో ఉంది, మేమూ ఇక్కడే పడుకుంటాం.

అడగాల్సినవి రాజలింగం నాలుక చివర చాలా ఉన్నాయి. ఆ తలుపు గడియ ఎవరు బిగించారు, నువ్వు నిద్రపోతే ఎట్లా, ఇంతకుముందు ఎవరికీ ఏమీ కాలేదని చెప్పేదెవరు. ఒక్కొక్కటే వచ్చింది, ఒక్కొక్కటే మింగాడు. చివరికి "అచ్ఛా" అని, డ్రైవరును ఇంజను ఆపమన్నాడు.

మటన్ హడావుడిగా ఉడికింది, సగమే ఉడికింది. ముక్క రబ్బరులా ఉందని నరహరి తింటున్నంతసేపూ అన్నాడు. చీకటి పడేసరికి అందరూ లోపల ఉన్నారు. తలుపు వేశారు. మిగిలినవాళ్లు ఆకు కదిలినా ఉలిక్కిపడుతూ తెల్లవార్చారు. సమ్మక్క మాత్రం తల వాల్చడమే తెలుసు.

పొద్దెక్కింది. రోజూ కోడి కంటే ముందు నీళ్ల కోసం బిందె పట్టుకునే మనిషి ఇంకా లేవలేదు. రాజలింగం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నరహరి పళ్లు తోముకుంటూ కాండ్రిస్తే, దూరం పోయి తోముకోమని సైగ చేశాడు. సుమన గిన్నెలు కడగబోతే తరువాత అన్నాడు. ఛగన్‌భాయ్ వచ్చి, ట్యాంకు వైపు చూపిస్తూ, రాత్రి వచ్చి పోయింది, గుర్తులున్నాయి చూద్దువు రా అన్నట్టు చెయ్యి ఊపాడు. రాజలింగం తల అడ్డంగా ఊపాడు. ఇనుప తలుపుకు ఒక రెక్క అరుగు మీదికి తెరుచుకుని ఉంది, లేస్తే తగిలి కిర్రుమంటుంది.

డ్రైవరు ఎండకు విసిగి జీపెక్కి హారను మీద చెయ్యి పెట్టబోయాడు. రాజలింగం తలుపుకు తగలకుండా ఒదిగి లేచి, చెప్పులు లేకుండానే టేకాకుల మీద వీలైనంత మెల్లగా పరుగెత్తి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తీసేసుకున్నాడు.

"జర ఆగు," అన్నాడు గుసగుసగా. "ఇంక పండుకున్నది."